కారుకు ఆటోమొబైల్ క్లబ్ సభ్యత్వం కావాలా? ఇన్సూరెన్సు వాళ్ల టోయింగ్ చాలదా?

లంక_తెప్ప: సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. వారానికి రెండుసార్లు రాజోలు నుంచి కాకినాడ వెళ్లిరావాలి. ఇన్సూరెన్సుతో రోడ్‌సైడ్ అసిస్టెన్సు ఉంది. ఆఫీసులో ఒకాయన చెన్నైలోని ఆటోమొబైల్ అసోసియేషన్ ఆఫ్ సదరన్ ఇండియాలో చేరమంటున్నారు. డబ్బు దండగేనా?

స్టుట్‌గార్ట్_రిటర్న్: చేరండి. పదకొండేళ్లు జర్మనీలో ఏడీఏసీ అనే ఆటోమొబైల్ క్లబ్బులో సభ్యుణ్ణి. 1903లో స్టుట్‌గార్ట్‌లో మోటారుసైకిళ్ల వాళ్లు పెట్టుకున్న సంఘం అది. 1954 నుంచి పసుపు రంగు బళ్లలో తిరుగుతూ, ఆగిపోయిన కార్లు రోడ్డు మీదే బాగుచేస్తున్నారు. పసుపు దేవదూతలు అని పేరు. ఇవాళ సభ్యులు రెండు కోట్ల పైమాటే.

కాజా_ప్రియ: ఆయ్, దేవదూతలు చించినాడ వంతెన దాకా వస్తారాండీ?

రావులపాలెం_గ్యారేజీ: 1905లో లండన్‌లో ఏఏ, అంటే ఆటోమొబైల్ అసోసియేషన్, పెట్టిందే స్పీడు పట్టుకునే పోలీసుల నుంచి కార్లవాళ్లను కాపాడటానికి. బ్యాడ్జీ ఉన్న కారు కనపడితే క్లబ్బు మనిషి సెల్యూట్ కొట్టాలి. కొట్టలేదంటే ముందు పోలీసులున్నారని గుర్తు. ఇదా సేవ?

స్టుట్‌గార్ట్_రిటర్న్: నేను జర్మనీ అంటే మీరు లండన్ అంటారేమిటండీ?

రావులపాలెం_గ్యారేజీ: ఏ ఊరైనా అంతే. ఆ ఏఏని 1999లో సెంట్రికా అనే గ్యాస్ కంపెనీకి అమ్మేశారు. మీ సంఘమో, ఇష్టమైన కారు పోటీలో ఓట్లు పెంచి చూపించి 2014లో దొరికిపోయింది. అధ్యక్షుడు దిగిపోయాడు.

కాజా_ప్రియ: గ్యారేజీ అన్నకు ఇవన్నీ ఎలా తెలుసో!

రావులపాలెం_గ్యారేజీ: బేరాల్లేని రాత్రి ఫోన్లో చదువుతా.

గోదారి_గట్టు: విదేశాల్లో నడపడానికి ఇంటర్నేషనల్ పర్మిట్ క్లబ్బు ద్వారా వస్తుందని చేరకండి. ఆర్టీవో ఆఫీసులోనే ఇస్తారు, ఏడాది పనిచేస్తుంది.

స్టుట్‌గార్ట్_రిటర్న్: పోటీ ఓట్లకూ, బండి బాగుచేయడానికీ ఏం సంబంధం? నిరుడు వానల్లో రాత్రి పదకొండింటికి మా నాన్నగారి కారు పాశర్లపూడి దగ్గర ఆగిపోయింది. ఇన్సూరెన్సు వాళ్ల టోల్‌ఫ్రీకి చేస్తే, ఎక్కడో కూర్చున్న అమ్మాయి ల్యాండ్‌మార్క్ చెప్పమంది. కాలువా, కొబ్బరిచెట్లూ తప్ప ఏముంటుంది? 1995లో గ్యాస్ బావి బ్లోఅవుట్ అయిన ఊరమ్మా అన్నారట పాపం. నలుగురు మెకానిక్కులకు ఫోన్ చేశారు. ఒక్కరూ ఎత్తలేదు. డెబ్బై రెండేళ్ల మనిషి తెల్లవార్లూ కార్లో దోమలు తోలుకుంటూ కూర్చున్నారు.

రావులపాలెం_గ్యారేజీ: ఎందుకెత్తాలండీ? వరదప్పుడు ఓ పెద్దమనిషి కారు మోకాలి లోతు నీళ్లలో దింపి సెల్ఫ్ కొడుతున్నాడు. ఆపండి బాబోయ్ అని అరుస్తూ పరిగెత్తా. ఎయిర్ ఫిల్టర్ విప్పితే నానిన అట్టముక్కలా చేతికొచ్చింది. ఇంకోసారి కొట్టుంటే సిలిండర్లోకి నీళ్లెళ్లి రాడ్డు వంగేది. నీళ్లలో ఎందుకు స్టార్ట్ చేశావని ఇన్సూరెన్సు వాళ్లు చేతులెత్తేసేవాళ్లు. ట్రాక్టరుకు మోకు కట్టి లాగించా. డబ్బులడిగితే 'రేపు చూద్దాంలే' అన్నాడు. ఆ రేపు ఇంకా రాలేదు. సర్వీసింగుకు మాత్రం షోరూముకెళ్తాడు.

స్టుట్‌గార్ట్_రిటర్న్: అంటే మీ కోపం క్లబ్బు మీద కాదన్నమాట.

రావులపాలెం_గ్యారేజీ: కాదు. ఏటా డబ్బు కట్టి కార్డు జేబులో పెట్టుకోవడానికి చెయ్యొస్తుంది. అర్ధరాత్రి బురదలోకి దిగినవాడికి ఇవ్వడానికి రాదు. తెలియని నంబరైతే ఎత్తడం మానేశా. ఆ నలుగురిలో నేనూ ఉన్నానేమో.

స్టుట్‌గార్ట్_రిటర్న్: మా నాన్న ఎవరి డబ్బూ ఎగ్గొట్టలేదు.

రావులపాలెం_గ్యారేజీ: ఎగ్గొట్టారని నేనన్నానా?

లంక_తెప్ప: అన్నలూ, నేనడిగింది సభ్యత్వం గురించి.

రావులపాలెం_గ్యారేజీ: బ్యాటరీ ఎన్నేళ్లది?

లంక_తెప్ప: ఐదో ఏడు నడుస్తోంది.

స్టుట్‌గార్ట్_రిటర్న్: ముందు అది మార్పించండి. ఏడీఏసీ లెక్కల్లోనూ బళ్లు ఆగడానికి మొదటి కారణం బ్యాటరీయే.

రావులపాలెం_గ్యారేజీ: ఇది మాత్రం నిజం. కొనేటప్పుడు తయారైన నెల చూసుకోండి. నా నంబరు మెసేజీలో పెడతా. ఫోన్ చేసే ముందు పేరు పంపండి, ఎత్తుతా.