కన్జర్వేటర్‌షిప్‌లో ఉన్న మా అబ్బాయి ఓటు వేయొచ్చా? (కాలిఫోర్నియా)

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా అబ్బాయికి ఆటిజం, మాటలు రావు, ట్యాబ్‌లో బొమ్మలు నొక్కి చెప్తాడు. 18 నిండాక మేమే లిమిటెడ్ కన్జర్వేటర్లం అయ్యాం, అంటే కొన్ని విషయాల్లో వాడి తరఫున నిర్ణయాలు తీసుకోమని కోర్టు మమ్మల్ని పెట్టింది. పుట్టింది ఇక్కడే, సిటిజన్. ఎలక్షన్ వార్తలు చూసి నేనూ వేస్తా అంటున్నాడు, మా ఆయనేమో కోర్టు ఆర్డర్ వచ్చినప్పుడే వాడి ఓటు పోయిందిలే అంటున్నారు. నిజమేనా? పోకపోతే వాడి బదులు నేను వేయొచ్చా?

జవాబు 1:
పోలేదండి. ఎస్‌బీ 589 అని చట్టం వచ్చి 2016 జనవరి నుంచి రూల్ మారింది. కన్జర్వేటర్‌షిప్ ఉన్నా సరే ఓటు వేయగలడనే లెక్క. తీసేయాలంటే, ఎంత సాయం చేసినా సరే ఓటు వేయాలనుందని తెలపలేడని గట్టి సాక్ష్యంతో కోర్టు తేల్చాలి. మీవాడు నొక్కి మరీ అడుగుతున్నాడు, ఇంకేం కావాలి? ఎందుకైనా మంచిది ఆర్డర్ తీసి ఓటు గురించి ఏమన్నా రాశారేమో చూడండి. వాడి బదులు వేయడం మాత్రం కుదరదు, కన్జర్వేటర్ అయినా.

జవాబు 2:
సంతకం రాకపోతే ఇంటూ మార్కు పెట్టొచ్చు, పక్కన ఒక సాక్షి సంతకం ఉండాలి, రిజిస్ట్రేషన్‌కైనా మెయిల్ బ్యాలెట్ కవర్ మీదైనా అంతే. పోలింగ్ దగ్గర తనకి నచ్చిన ఇద్దరి దాకా సాయం తీసుకోవచ్చు, పనిచేసే చోట యజమాని, యూనియన్ వాళ్ళు తప్ప.

జవాబు 3:
ఏమనుకోకండి, అమ్మ పక్కన కూర్చుంటే పడేది అమ్మ ఓటే కదా?

జవాబు 2:
మా ఇంట్లో మామగారు చెప్పినవాళ్ళకే అందరూ గుద్దేవాళ్ళు, వాళ్ళ ఓట్లు తీసేయమని ఎవరూ అనలేదే :) సరే, అనుమానం మరీ తప్పు కాదు. అభ్యర్థుల ఫొటోల వరస మార్చి మార్చి అడగండి, ప్రతిసారీ మొదటిదే నొక్కుతుంటే అది ఎంపిక కాదు. తెలియనివి ఖాళీగా వదిలేయొచ్చు, మిగతావి చెల్లుతాయి.

అడిగినవారు:
థాంక్స్ అండి, ఆర్డర్ చూశాం, ఓటు ఊసే లేదు. ఈ రాత్రే రిజిస్టర్ చేయిస్తున్నా.

జవాబు 4:
మధ్యలో వస్తున్నందుకు సారీ, మా తమ్ముడిది 2012 ఆర్డర్, ఓటు లేదని రాసేశారు, ఏమన్నా దారి ఉందా?

జవాబు 1:
ఉంది. అప్పట్లో రిజిస్ట్రేషన్ ఫారం నింపలేకపోతే తీసేసేవాళ్ళు, ఇప్పుడు ఆ కొలత లేదు. కన్జర్వేటర్‌షిప్ ఎలా ఉందో చూడ్డానికి కోర్టు పంపే ఇన్వెస్టిగేటర్ రివ్యూకి వచ్చినప్పుడు ఓటు సంగతి కూడా చూడాలి, తమ్ముడికి వేయాలనుందని ఆయన ముందే చెప్పించండి. అంతదాకా ఆగలేకపోతే ఓటు తిరిగివ్వమని కన్జర్వేటర్‌షిప్ కేసులు చూసే ప్రొబేట్ కోర్టుకి రాసివ్వండి.