అప్‌డేట్: స్విఫ్ట్ డిక్కీలో ఫైబర్‌గ్లాస్ బాక్స్ పూర్తయింది

ఎడమ మూలలో 10 అంగుళాల సబ్‌వూఫర్‌కి (బాస్ స్పీకర్‌కి) బాక్స్ చేస్తుంటే, ఫైబర్‌గ్లాస్‌కి పట్టించే రెసిన్ జిగురు డబ్బాలోనే గడ్డకడుతోంది, ఏం చేయాలి అని అడిగాను కదా. మీరు చెప్పినట్టు హార్డెనర్ (రెసిన్‌ని గట్టిపరిచే ద్రవం) తగ్గించాను, కిలో రెసిన్‌కి 10 గ్రాములే. కొంచెం కొంచెంగా వెడల్పాటి ట్రేలో, ఎండెక్కకముందే కలుపుకున్నాను. గాజు పీచు మ్యాట్‌లోకి రెసిన్ పూర్తిగా ఇంకి, తెల్లగా ఉన్నది గాజులా కనబడేదాకా బ్రష్‌తో పొడిచే టైమ్ దొరికింది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. కోబాల్ట్‌ని (రెసిన్ త్వరగా గట్టిపడేలా చేసే ద్రవం) ముందు రెసిన్‌లో బాగా కలిపాకే హార్డెనర్ పోయాలి. కోబాల్ట్, హార్డెనర్ నేరుగా కలిస్తే మంట లేవచ్చు, పేలొచ్చు కూడా. మాస్క్ కూడా దుమ్ముది సరిపోదు, రసాయనాల ఆవిరిని ఆపే కార్ట్‌రిడ్జ్‌ది కావాలి.

ముందువైపు ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసిన బోర్డు) రింగు మీద బట్ట బిగించి లాగి, రెసిన్ పట్టించి, లోపల్నుంచి మ్యాట్ పొరలు వేశాను. గోడ పావు అంగుళం దాటాక అదురు పోయింది. లోపలి కొలత లీటరు మగ్గుతో బియ్యం పోసి చూసుకున్నాను, సబ్‌వూఫర్ మాన్యువల్‌లో అడిగినంత వచ్చింది. బాస్ ఇప్పుడు ఎంత బిగువుగా ఉందో! డప్పు దరువు విడివిడిగా వినబడుతోంది.

బోల్టులు విప్పితే బాక్స్ మొత్తం బయటికొస్తుంది, స్టెప్నీకి అడ్డం లేదు. కార్పెట్ అంటించడమే మిగిలింది. సాయం చేసిన అందరికీ చాలా థాంక్స్ అండీ.