బెంగళూరులో డైనోసార్ ఎముకలు ఎందుకు దొరకవు? పిల్లలకి ఏం చెప్పాలి?

కేఆర్‌పురం అమ్మ:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. ఎనిమిదేళ్ళుగా బెంగళూరు కేఆర్‌పురంలో ఉంటున్నాం. మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్ళ పిల్లలు పద్దెనిమిది మంది. ఆదివారం పొద్దున క్లబ్‌హౌస్‌లో కూర్చోబెట్టి గంటసేపు తెలుగులో మాట్లాడిస్తుంటాం, ఒక్కో వారం ఒక్కో ఇంటివాళ్ళు. వచ్చే వారం వంతు నాది. మావాడికి ఏడేళ్ళు. "అమ్మా, ఈసారి పద్యాలొద్దు, డైనోసార్లు" అని వాడే తీర్మానం చేసి మిగతా పిల్లలందరికీ చెప్పేశాడు కూడా.

నేను చదివింది బీకాం. నాకు తెలిసిన డైనోసారల్లా విశ్వేశ్వరయ్య మ్యూజియంలో తల ఆడిస్తూ గుర్రుమనేదే.

మొదటి చిక్కు: మావాడు అపార్ట్‌మెంట్ తోటలో కొబ్బరిచెట్టు మొదట్లో అట్లకాడతో తవ్వుతున్నాడు, ఎముకలు దొరుకుతాయని. వాచ్‌మన్ రెండుసార్లు ఇంటికొచ్చి చెప్పిపోయాడు. ఇక్కడ దొరకవురా అంటే "ఎందుకు దొరకవు?" అంటాడు. నిజంగానే, ఎందుకు దొరకవు?

రెండోది: నేను రాక్షసబల్లి అన్న పాపానికి పక్కింటి పాప గోడ మీద బల్లిని చూసి స్నానానికి వెళ్ళనని ఏడుపు. వాళ్ళమ్మ నన్ను లిఫ్టులో పట్టుకుని అడిగింది. ఇంకో మాట ఏమైనా ఉందా?

మూడోది సిగ్గుపడుతూ అడుగుతున్నా. ఒక ఎగ్జిబిషన్ స్టాల్‌లో "డైనోసార్ పన్ను" అంటే తొమ్మిది వందలు పోసి కొన్నాను. నిజమైనదో కాదో ఇంట్లోనే తెలుసుకునే దారుందా? మావారికి రేటు మూడొందలని చెప్పాను, అది వేరే సంగతి.

నాపరాయి:

అక్కా, పిల్లోడి చేతిలో అట్లకాడ లాక్కోవద్దు. తవ్వే చోటు తప్పు, అంతే.

నాది బేతంచెర్ల. గచ్చూ అరుగూ గోడా అన్నీ నాపరాళ్ళే ఉన్న ఇంట్లో పుట్టి, జియాలజీ చదివి, చివరికి సర్జాపుర్ రోడ్డులో సాఫ్ట్‌వేర్‌లో పడినోణ్ణి. ఇన్నాళ్ళకి నా డిగ్రీ గురించి ఒకరు అడిగారు కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తా, ఓపిక పట్టండి.

శనివారం పొద్దున్నే వాణ్ణి లాల్‌బాగ్ తీసుకుపోండి. కెంపేగౌడ గోపురం ఉండే బండ ఉంది కదా, అందరూ ఎక్కి సెల్ఫీలు దిగే బండ. దాని వయసు సుమారు 300 కోట్ల ఏళ్ళు. భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ కాగి గట్టిపడిన రాయి అది. అప్పటికి కంటికి ఆనే జంతువనేదే పుట్టలేదు. ఆ తర్వాత డైనోసార్లు వచ్చి ఇక్కడే తిరిగి ఉంటే ఉండొచ్చు, కానీ తిరిగితే చాలదు. చచ్చిన జంతువు మీద ఒండ్రో ఇసుకో త్వరగా కప్పెయ్యాలి, దాని మీద ఇంకో పొర, ఇంకో పొర పడుతూ పోవాలి. ఆ కాలపు పొరలు మీ కొబ్బరిచెట్టు కింద లేవు. మట్టి కాస్త తవ్వితే తగిలేది ఆ పాత బండే.

అదే లాల్‌బాగ్‌లో రాయైపోయిన చెట్టు మాను ఒకటుంది. తమిళనాడు తిరువక్కరై నుంచి తెచ్చింది, రెండు కోట్ల ఏళ్ళది. చేత్తో తడిమితే రాయి, కళ్ళతో చూస్తే కట్టె. నీళ్ళలో కరిగిన సిలికా, అంటే ఇసుకలో ఉండే ఖనిజం, చెక్క సందుల్లోకి దిగి, చెక్క ఉన్న చోటల్లా తాను కూర్చుంది. శిలాజం అనే మాటకి అర్థం దాని ముందు నిలబెట్టి చెప్పండి, మళ్ళీ మర్చిపోరు.

ఇక క్లబ్‌హౌస్‌లో చెయ్యాల్సింది. బట్టలారేసే తాడు 46 మీటర్లు తెప్పించండి. ఎనిమిది చీరలు ముడేసినా అంత పొడుగు రాదు, కాబట్టి తాడే తేవాలి. భూమి వయసు దాదాపు 460 కోట్ల ఏళ్ళు, మీటరుకి పది కోట్లు. ఒక చివర "ఈరోజు" అని చీటీ కట్టండి. అక్కణ్ణుంచి 30 మీటర్లు నడిస్తే లాల్‌బాగ్ బండ. డైనోసార్లు కనబడేది ఈ చివరికి 2.3 మీటర్ల దూరంలో, పోయేది 66 సెంటీమీటర్ల దగ్గర. మన జాతి మనుషులు పుట్టి సుమారు మూడు లక్షల ఏళ్ళు, అంటే మూడు మిల్లీమీటర్లు. చీటీ కట్టిన ముడిలోనే మనమంతా దూరిపోతాం. ఆ ముడిని ప్రతి పిల్లోడి చేతికీ ఇవ్వండి.

కథ కావాలంటే టీ రెక్స్ జోలికి పోవద్దు, అది పిల్లలకి మీకంటే బాగా తెలుసు. గోదావరి కథ చెప్పండి. ప్రాణహిత గోదావరిలో కలిసే వైపు కోట రాళ్ళని డైనోసార్ల కాలపు పొరలు ఉన్నాయి. మహారాష్ట్ర సిరొంచ దగ్గర పోచంపల్లిలో 1961 ప్రాంతంలో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు తవ్వితే మూడొందల దాకా ఎముకలు బయటపడ్డాయి. తొడ ఎముకే అయిదున్నర అడుగులు. బెంగాలీలో "బడా పా" అంటే పెద్ద కాలు. అది టాగూర్ శతజయంతి సంవత్సరం. రెండూ కలిపి బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికిన ఇంకోదానికి జియలాజికల్ సర్వేకి చెందిన యాదగిరి గారు 1988లో కోటసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. పన్నెండు జంతువులవి, 840 ఎముకలు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టారు. ఇక్కడే పిల్లల్ని ఒక ప్రశ్న అడగండి: రెండు పళ్ళు తప్ప తల దొరకలేదు, మరి బిర్లా సెంటర్‌లో దానికి తల ఎక్కణ్ణుంచి వచ్చింది? బొమ్మ గీసి తల వాళ్ళనే పెట్టమనండి. దాని చుట్టాల తలలు చూసి పోల్చుకుంటూ చేస్తారని ఆ తర్వాత చెప్పండి.

రాక్షసబల్లి అనే మాటే నాకు గిట్టదు. ఇంగ్లండులో ఓవెన్ అనే శాస్త్రవేత్త 1842లో "భయంకరమైన బల్లి" అనే అర్థంతో పెట్టిన డైనోసార్ పేరుని మనోళ్ళు మక్కీకి మక్కీ దించారు. బల్లి కాళ్ళు పక్కలకి చాపుకుని పాకుతుంది, డైనోసార్ కాళ్ళు ఒంటి కిందికి నిటారుగా దిగుతాయి, కోడికి లాగా. కోడి ఎదలో చీలిన పుల్లలాంటి ఎముక టీ రెక్స్‌కీ ఉండేది. డైనోసార్ అనే అనండి. పక్కింటి పాపకి మాత్రం "బల్లి కాదమ్మా, కోడిపెద్దమ్మ" అని చెప్పండి, సరిపోతుంది.

వేపచెట్టు:

పన్ను గురించి. భూతద్దం పెట్టి చూడండి. లోపల చిన్న చిన్న గాలిబుడగలు కనిపిస్తే పోత పోసిన బొమ్మ. సూది ఎర్రగా కాల్చి అడుగున ఓ మూల ఆనించండి, ప్లాస్టిక్ కంపు కొడితే తొమ్మిది వందలు గోవిందా. సగం నిజం, సగం జిగురూ ఇసుకా కలిపి అతికినవి కూడా అమ్ముతారు, అతుకు దగ్గర రంగు తేడా చూడండి.

తాంబరం తాత:

అమ్మాయ్, నేను చెన్నైలో రైల్వేలో రిటైరైనవాణ్ణి. సైన్సు చదవలేదు, మనవరాలి వెనక తిరిగి నేర్చుకున్నదే. ఎప్పుడైనా చెన్నై వస్తే ఎగ్మూరు మ్యూజియం చూపించు. తిమింగలం అస్థిపంజరం ముందు మా మనవరాలు అరగంట కదల్లేదు.

2020లో పెరంబలూరు జిల్లా కున్నంలో "డైనోసార్ గుడ్లు" దొరికాయని ఒక ఫోటో ఫోన్లలో తిరిగింది. నేనూ పదిమందికి పంపాను. తీరా చూస్తే గుడ్లు కావు, అమ్మోనైట్ల చుట్టూ గడ్డకట్టిన రాతి ఉండలని తేలింది. ఆ పదిమందికీ మళ్ళీ క్షమాపణ పంపాను, ముగ్గురే చదివారు. అరియలూరు, పెరంబలూరు వైపంతా ఒకప్పుడు సముద్రం. అమ్మోనైట్ అంటే నత్తలా చుట్టలు తిరిగిన గుల్ల ఉన్న జీవి, కానీ వరస మాత్రం ఆక్టోపస్‌తో. మీ ఇంట్లో సాలగ్రామం ఉందా? నేపాల్ గండకీ నదిలో దొరికే ఆ రాతి లోపలి చక్రం అమ్మోనైట్ అచ్చే. పిల్లలకి శిలాజం చూపించడానికి తొమ్మిది వందలు అక్కర్లేదు.

అరియలూరు దగ్గర కల్లమేడులో దొరికిన బృహత్కాయోసారస్ సంగతి కూడా చెప్పు. 1987లో లోకానికి చెప్పారు, బహుశా భూమ్మీద నడిచినవాటిలో అతి పెద్దవాటిలో ఒకటి. ఆ ఎముకలు పొడిపొడిగా రాలిపోయాయి. ఇప్పుడు మిగిలింది బొమ్మలూ ఫోటోలూ మాత్రమే. మా మనవరాలు దీనికే ఎక్కువ బాధపడింది.

బేతంచెర్ల అబ్బాయ్, మీ ఊరి పక్క బిల్లసర్గం గుహల మాట ఎత్తలేదేం?

నాపరాయి:

అయ్యో తాతగారూ, మా ఊరి గొప్ప నేనే చెప్పుకోవడం ఎందుకని ఊరుకున్నా. 1884లో బ్రూస్ ఫూట్ అనే జియాలజిస్టు అక్కడ తవ్వితే ఖడ్గమృగం ఎముకలు దొరికాయి. లైడెక్కర్ అనే శాస్త్రవేత్త దానికి కర్నూలు పేరే పెట్టాడు, కర్నూలియెన్సిస్ అని. మా ఊళ్ళో ఖడ్గమృగం! ఆ ఫూటే 1863లో మీ తాంబరం పక్కన పల్లావరంలో రాతిగొడ్డలి ఏరాడు. అక్కా, ఈ ఖడ్గమృగం డైనోసార్ల తర్వాత చాలా చాలా కాలానికి, తాడు మీద పెట్టాలంటే ఆ ముడిలోనే పడుతుంది.

కేఆర్‌పురం అమ్మ:

నిన్న అయింది. తాడు క్లబ్‌హౌస్‌లో పట్టక పార్కింగ్‌లో పరిచాం. లాల్‌బాగ్ బండ చీటీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పడింది, వాచ్‌మన్ కూడా వచ్చి నిలబడి చూశాడు. కోటసారస్‌కి పద్దెనిమిది తలలు వచ్చాయి, ఒకదానికి కళ్ళజోడు. మాది శాకాహారం కాబట్టి కోడి ఎముక బల్లి పాప వాళ్ళింటి నుంచి అరువు తెచ్చుకున్నాం.

పన్నులో బుడగలే బుడగలు. అదీ పిల్లలకి చూపించాను, భూతద్దం కోసం కొట్టుకున్నారు.

సాలగ్రామం దగ్గరే ఆగింది. అత్తయ్యగారు "అది చచ్చిన పురుగా?" అని ఒక చూపు చూశారు. నేనింకేం మాట్లాడలేదు. రాత్రి మావాడే నానమ్మ పక్కన పడుకుని ఏం చెప్పాడో తెలీదు. పొద్దున్నే నాతో "శనివారం మీ మామయ్య మడితో తీస్తారు. పిల్లలు తలస్నానం చేసి రావాలి, ఎవరూ ముట్టుకోకూడదు. టార్చిలైటు నువ్వు తెచ్చుకో" అన్నారు.