లంబసింగి చలికి పొద్దున్నే బండి స్టార్ట్ కావట్లేదు

ప్రశ్న: 125 సీసీ, కార్బురేటర్ బండి. డిసెంబర్‌లో తెల్లవారుజామున సెల్ఫ్ కొడితే తిరుగుతుంది గానీ అంటుకోదు. పైగా ఘాట్‌లో హెల్మెట్ వైజర్ మసకబారిపోతోంది. ఏం చేయాలండీ?

జవాబు 1: చోక్ పూర్తిగా లాగి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా కిక్ కొట్టండి. రైజ్ చేస్తే కార్బురేటర్‌లో పెట్రోల్‌ని లాగే వ్యాక్యూమ్ పడిపోయి, చోక్ ఇచ్చే అదనపు పెట్రోల్ సరిగా అందదు. అంటుకున్న అర నిమిషానికి చోక్ సగానికి తేవాలి, ఇంజిన్ వేడెక్కగానే పూర్తిగా తోసేయాలి. మర్చిపోతే స్పార్క్ ప్లగ్ మసిపడుతుంది.

జవాబు 2: అప్పటికీ మొండికేస్తే ప్లగ్ విప్పండి. పెట్రోల్‌తో తడిసుంటే తుడిచి ఆరబెట్టి, నిప్పురవ్వ పుట్టే కొనల మధ్య గ్యాప్ (చాలా బండ్లకి 0.7–0.8 మి.మీ.) సరిగ్గా ఉందో లేదో చూసి బిగించండి.

జవాబు 3: వైజర్‌కి పిన్‌లాక్ షీటే (లోపలివైపు బిగించే, మసక పట్టనివ్వని పారదర్శక షీట్) అసలు మందు. అది పట్టని హెల్మెట్ అయితే గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క లోపలివైపు రాసి, ఆరాక మెత్తటి బట్టతో తుడవండి. పొగమంచులో హైబీమ్ వద్దు, వెలుగంతా తిరిగి మన కళ్లలోనే కొడుతుంది.