ఇంటర్ కాలేజీ కప్పు గెలిస్తే ప్రభుత్వ గుర్తింపు ఉంటుందా?

నాచారం అమ్మ: మా అమ్మాయి వాళ్ల ఖోఖో టీమ్ ఉస్మానియా యూనివర్సిటీ కాలేజీల మధ్య జరిగే ఇంటర్ కాలేజీ టోర్నీ గెలిచింది. మోకాలు చెక్కుకుపోయినా పోల్ దగ్గర డైవ్ కొట్టి ఆఖరి రన్నర్‌ని పట్టేసింది. గేటు ముందు ఫ్లెక్సీ కట్టారు, అందులో పిల్లల కంటే కరస్పాండెంట్ ఫొటోనే పెద్దది! సన్మానం కోసం ఎల్బీ స్టేడియంలో స్పోర్ట్స్ అథారిటీకి అర్జీ పెడదామంటున్నారు మావారు. ఉపయోగం ఉంటుందా?

రిటైర్డ్ పీడీ (ఫిజికల్ డైరెక్టర్): పెట్టండమ్మా, శాలువా కప్పితే కాదనేదేముంది. కానీ కేంద్ర ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాకి ఈ కప్పు ఒక్కటే చాలదు. యూనివర్సిటీ జట్టుకి సెలెక్టయి ఇంటర్ యూనివర్సిటీ టోర్నీ ఆడాలి. అప్పుడు యూనివర్సిటీ తరఫున ఆడినట్టు ఇచ్చే సర్టిఫికెట్, అంటే ఫారం 3 మీద యూనివర్సిటీ స్పోర్ట్స్ డైరెక్టర్ సంతకం చేయించుకోండి. మా రోజుల్లో పిల్లలు కప్పుతో ఫొటో దిగి సర్టిఫికెట్ మర్చిపోయేవాళ్లు.

బోడుప్పల్ కుర్రాడు: సిరాజ్‌కి, నిఖత్ జరీన్‌కి 2024లో డీఎస్పీ ఇచ్చారుగా సార్?

రిటైర్డ్ పీడీ: ఆమె బాక్సింగ్‌లో ప్రపంచ చాంపియన్, అతను టీ20 ప్రపంచకప్ జట్టులో ఉన్నాడు. ఆ లెక్క వేరు నాయనా.

నాచారం అమ్మ: థాంక్సండీ. ముందు సెలెక్షన్స్‌కి పంపుతాను. అర్జీ కూడా వెళ్తుంది లెండి, మావారు ఊరుకోరు.