నోటు దావా సమన్లు వచ్చాయి, చేతిలో రూపాయి లేదు. వాయిదాకు వెళ్ళాలా?

కౌలు_కుంచం:
అందరికీ నమస్కారమండి. మాది ముమ్మిడివరం వైపు లంక గ్రామం. ఎకరంన్నర కౌలుకు చేస్తున్నాను. మొన్న మంగళవారం కళ్ళంలో ధాన్యం ఎగదోస్తుంటే కోర్టు అమీనా వచ్చి గట్టు మీద బండి ఆపారు. నా పేరు, నాన్న పేరు అడిగి, సంతకం పెట్టించుకుని కాగితాల కట్ట చేతిలో పెట్టారు. పక్క చేలోవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. ఆ కాగితాలు అక్కడ విప్పలేక పంచెలో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాను.

2021 ఆగస్టు 12న ఒకాయనకు ప్రామిసరీ నోటు రాసి లక్షన్నర అప్పు తీసుకున్నాను, నూటికి రెండు రూపాయల వడ్డీకి. 2022 మార్చి వరకు మూడు విడతల్లో నలభై వేలు ఆయన కొడుకు నంబరుకు ఫోన్‌పే చేశాను. తర్వాత సార్వా ముంపులో పోయింది, ఇవ్వలేకపోయాను. ఇప్పుడు దావాలో 2,93,000 అడుగుతున్నారు. నా నలభై వేల ఊసే లేదు. వాయిదా 18వ తేదీన. బాకీ నిజమే కదా, వెళ్ళి మాత్రం ఏం చెప్పాలి? ప్లీడరుకు ఇవ్వడానికి కూడా డబ్బు లేదు.

ఏటిగట్టు:
సమన్లు తీసుకోవడమే తప్పండి. మా బాబాయి మూడుసార్లు "ఊళ్ళో లేడు" అని చెప్పించాడు. రెండేళ్ళు ఎవరూ ఏమీ చేయలేకపోయారు.

పాత_గుమాస్తా:
ఏటిగట్టు బాబూ, ఆ రెండేళ్ళ తర్వాత ఏమైందో మీ బాబాయిని అడిగి అది కూడా రాయండి. మనిషి దొరక్కపోతే సమన్లు తలుపుకు అంటిస్తారు. రిజిస్టరు పోస్టు వద్దని తిప్పి పంపితే అందినట్టే లెక్క. అమలాపురంలో ప్లీడరు దగ్గర 31 ఏళ్ళు గుమాస్తాగా చేశాను. దాక్కుని దావా గెలిచినవాణ్ణి ఒక్కణ్ణి చూడలేదు.

కౌలు కుంచం గారూ, "డబ్బు లేదు" అన్నది దావాకు జవాబు కాదు. కోర్టు తీర్పు చెప్పి డిక్రీ అయ్యాక, వసూలుకు ఈపీ (అమలు పిటిషన్) వేసినప్పుడు పనికొచ్చే మాట అది. ఇప్పుడు మాట్లాడవలసింది నోటు గురించి. దావా ఏ నెలలో వేశారు? కట్టలో నోటు నకలు ఉంటుంది. ముందు వైపు వదిలేయండి, వెనుక ఏముందో చూసి చెప్పండి.

కౌలు_కుంచం:
దావా వేసింది 2025 ఆగస్టులో. నోటు వెనుక ఒక చెల్లు, అంటే కొంత కట్టినట్టు రాత, ఉందండి. "05-08-2024న రూ. 1,000 చెల్లు" అని రాసి కింద నా పేరుతో సంతకం. ఆ వెయ్యి నేను ఇవ్వలేదు. ఆ వారం నేను ఊళ్ళోనే లేను, చెల్లెలి కాన్పుకు హైదరాబాదు వెళ్ళాను. ఇంకొకటి, నేను ఇంటిపేరు పొడి అక్షరం ఇంగ్లీషులో వేసి పేరు తెలుగులో రాస్తాను. నోటు ముందు అలాగే ఉంది. వెనుక రెండూ తెలుగులోనే ఉన్నాయి.

పాత_గుమాస్తా:
నేను అనుకున్నదే. మీ దావా ప్రాణం ఆ వెయ్యి రూపాయల్లో ఉంది.

నోటు మీద దావా వేయడానికి గడువు మూడేళ్ళు, నోటు తేదీ నుంచి. మీ నోటుకు అది 2024 ఆగస్టు 12తో తీరింది. తీరేలోపు మీరు కొంత కట్టి, కట్టినట్టు చేతిరాతతో గానీ సంతకంతో గానీ ఒప్పుకుంటే అక్కడి నుంచి మళ్ళీ మూడేళ్ళు వస్తాయి. అందుకే ఈ చెల్లు. లక్షన్నర బాకీ ఉన్నవాడు, రెండేళ్ళకు పైగా పైసా కట్టనివాడు, గడువు వారంలో తీరుతుందనగా వెళ్ళి వెయ్యి కట్టి వచ్చాడట! అలాగని ప్రతి చెల్లూ దొంగది కాదు. కాఫీ ఇచ్చి "ఇక్కడొక సంతకం పెట్టు" అంటే పెట్టేసి, కోర్టులో నాది కాదన్నవాళ్ళనూ చూశాను. మీ సంగతి మీకే తెలియాలి.

మీరు ఆ చెల్లు కాదంటే, అది నిజమని రుజువు చేసుకోవలసింది వాది. మీరు వెళ్ళకపోతే కాదనేవాడే ఉండడు. మీరు రాలేదని ఎక్స్‌పార్టీ చేసి, వాది చెప్పింది మాత్రమే విని, 2,93,000కు డిక్రీ ఇస్తారు. దాన్ని కొట్టేయించుకోవడానికి 30 రోజుల్లో పిటిషన్ పెట్టాలి, రాకపోవడానికి గట్టి కారణం చూపాలి. వాయిదాకు రావడం కన్నా అదే ఎక్కువ ఖర్చు.

నోటు ముందున్న సంతకం మీదైతే దాన్ని మాత్రం కాదనకండి. మన వాళ్ళలో ఇదొక జబ్బు. మొత్తం ఫోర్జరీ అని మొదలుపెడతారు, నోటు నిజమని తేలేసరికి నిజంగా దొంగదైన చెల్లును కూడా ఎవరూ నమ్మరు. తీసుకున్నాను, ఇంత కట్టాను, ఈ చెల్లు నాది కాదు. అంతే చెప్పండి.

నలభై వేల సంగతి కూడా వినండి. అది నేరుగా అసలులో పోదు, ముందు వడ్డీకి జమ. నెలకు మూడు వేల చొప్పున ఏడు నెలల వడ్డీ 21 వేలు పోతే అసలుకు వెళ్ళేది 19 వేలు. అవతలివాళ్ళు "ఫోన్‌పేలో కట్టాడు కాబట్టి గడువు పెరిగింది" అని వాదించవచ్చు. అలా లెక్కవేసినా చివరి చెల్లింపు 2022 మార్చిది, 2025 మార్చితో తీరిపోయింది. మీ అదృష్టం. చెల్లింపులు ఇంకా ఆలస్యంగా ఉన్నవాళ్ళు తేదీలు ప్లీడరుకు చూపించాకే జవాబులో రాయాలి.

సమన్లు అందిన 30 రోజుల్లో రిటన్ స్టేట్‌మెంట్ (దావాకు రాతపూర్వక జవాబు) దాఖలు చేయాలి. కారణం ఉంటే కోర్టు 90 రోజుల దాకా ఇవ్వవచ్చు. 18న ప్లీడరు కుదరకపోయినా మీరు వెళ్ళండి. పేరు పిలవగానే లేచి, ప్లీడరును పెట్టుకోవడానికి గడువు కావాలని అడగండి.

కొబ్బరి_తోట:
ప్లీడరు ఖర్చు గురించి నేను చెబుతానన్నా. మా ఆయన పోయిన ఆరు నెలలకు ఆయన రాసిన రెండు నోట్ల మీద నా పేరునా, ఇద్దరు పిల్లల పేర్లనా దావా వేశారు. కోర్టు ఆవరణలోనే న్యాయ సేవల కమిటీ గది ఉంటుంది. అర్జీ, ఆధార్ నకలు ఇచ్చాను. ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ప్లీడరును ఇస్తారు. మిగిలినవాళ్ళకు ఆదాయ పరిమితి ఉంది. కౌలు రైతువి కదా, ఆదాయ ధ్రువపత్రం తీసుకుని వెళ్ళు. 15100కు ఫోను చేసినా చెబుతారు.

మా ప్లీడరమ్మ ఒకే మాట పట్టుకున్నారు. వారసులు తమకు వచ్చిన ఆస్తి మేరకే బాధ్యులు, సొంత కష్టార్జితం నుంచి కట్టనక్కర్లేదు అని. ఆయన పేరున ఉన్నది పాత మోటారు సైకిలు ఒక్కటే. ఇల్లు మా అమ్మ నాకు రాసిచ్చింది. నాకు భయమంతా మెడలోది తీసుకుపోతారేమోనని. కొంగు కప్పుకుని నెమ్మదిగా అడిగాను. ఆవిడ నవ్వి, "పుస్తెలు, వంట గిన్నెలు, పరుపులు ఎవరూ ముట్టుకోరమ్మా" అన్నారు. చివరకు బండి అమ్మి, ఆ డబ్బుకు లోక్ అదాలత్‌లో రాజీ పడ్డాం. అక్కడ తేలిన దాని మీద అప్పీలు లేదు. అవతలివాళ్ళకు కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది, అందుకని వాళ్ళూ మెత్తబడతారు.

రొయ్యల_చెరువు:
భీమవరం వైపు అయితే ఈపాటికి పదిమంది ఐపీ (దివాలా పిటిషన్) పెట్టమని చెప్పి ఉండేవారు. నేను పెట్టాను. 1920 నాటి దివాలా చట్టం ఇంకా నడుస్తూనే ఉంది. రెండు రొయ్యల పంటలు తెల్లమచ్చ తెగులుకు పోయి, పదిహేడు మందికి బాకీ పడ్డాను కాబట్టి పెట్టాను. మీ ఒక్క బాకీకి అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. ఉన్న ఆస్తి, బాకీలు మొత్తం రాసి ఇవ్వాలి. అంతకు ముందు రెండేళ్ళలో భార్య పేరునో బావమరిది పేరునో రాసినవి ఉంటే తవ్వి తీస్తారు. ఊళ్ళో ఐపీ అన్న మాట ఇంటిపేరులా అంటుకుంటుంది, పిల్ల పెళ్ళి మాటల్లో కూడా వినిపించింది.

నోటుతోపాటు ఖాళీ చెక్కు ఏమైనా ఇచ్చారా? చెక్కు కేసు క్రిమినల్. దానికి ఐపీ అడ్డు రాదు. నోటీసు అందిన 15 రోజుల్లో చూసుకోవాలి.

కౌలు_కుంచం:
చెక్కు ఇవ్వలేదండి. ఓడిపోతే జైల్లో పెడతారా? ఇంట్లో అదే అడుగుతున్నారు.

పాత_గుమాస్తా:
డబ్బు లేనందుకు పెట్టరు. ఉండి కూడా ఎగ్గొడుతున్నాడని వాది రుజువు చేయాలి. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చింది. అరెస్టుకు ముందు నోటీసు వస్తుంది, ఆ రోజు మాత్రం తప్పక వెళ్ళి మీ పరిస్థితి చెప్పుకోవాలి. డబ్బు డిక్రీకి ఆడవాళ్ళను అసలు అరెస్టు చేయకూడదు. వ్యవసాయదారుడి పనిముట్లు, పశువులు, విత్తనాలు, అతను కాపురముంటున్న సొంత ఇల్లు జప్తుకు రావు.

ఒకవేళ డిక్రీ తప్పదనుకున్నా వడ్డీ గురించి అడగాలి. మన గోదావరి జిల్లాలు మద్రాసు కింద ఉన్నప్పటి 1938 రైతు రుణ ఉపశమన చట్టం ఉంది, వ్యవసాయదారుడినని చూపితే వడ్డీ తగ్గించమని కోరవచ్చు. విడతలుగా కట్టే అవకాశం కూడా అడగండి.

ఈలోపు ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దు. గడువు దాటిన బాకీని కూడా "ఇస్తాను" అని కొత్తగా రాసి సంతకం పెడితే అది మళ్ళీ బతుకుతుంది.

ఏటిగట్టు:
బాబాయిని అడిగాను. ఎక్స్‌పార్టీ డిక్రీ అయ్యిందట. పది సెంట్ల మెరక వేలం నోటీసు వచ్చాక ప్లీడరు దగ్గరికి పరుగెత్తాడట. ఆ సంగతి మాకు చెప్పలేదు.

కౌలు_కుంచం:
18న వెళ్ళి వచ్చానండి. పదిన్నర నుంచి వరండాలో నిలబడితే పన్నెండు దాటాక పిలిచారు. న్యాయ సేవల నుంచి ఒక ప్లీడరు గారిని ఇచ్చారు. వకాల్తా మీద సంతకం పెట్టాను. జవాబుకు గడువు ఇచ్చారు.

చెల్లెలు హైదరాబాదు ఆసుపత్రి ఫైలు ఫొటోలు పంపింది. బావ మస్కట్‌లో ఉండటంతో ఆపరేషన్ సమ్మతి పత్రం మీద నేనే సంతకం పెట్టాను. తేదీ 05-08-2024. పొడి అక్షరం ఇంగ్లీషులోనే ఉంది.

బయటకు వస్తుంటే ఆయన కొడుకు టీ బడ్డీ దగ్గర ఆపాడు. "ఈ కోర్టులెందుకు, లక్షన్నరకు కొత్త నోటు రాసివ్వు, దావా తీసేస్తాం" అన్నాడు. ఆయన డబ్బు ఎగ్గొట్టాలని నాకు లేదు, 1,31,000 దాళ్వా నుంచి విడతలుగా ఇస్తానన్నాను. నోటు మాత్రం రాయను, లోక్ అదాలత్‌లో రాసుకుందామన్నాను. నాన్నను అడిగి చెబుతానన్నాడు. టీ డబ్బులు అతనే ఇచ్చాడు.

పాత_గుమాస్తా:
ఆసుపత్రి కాగితం ఫొటో చాలదు. అసలు తెప్పించి ప్లీడరుకు ఇవ్వండి, ఇచ్చే ముందు నకలు తీసి ఇంట్లో పెట్టుకోండి.