శనివారం ఏంజెల్ ఐలాండ్ ట్రిప్: ఎవరెవరు ఏం చూసుకుంటున్నారు?

ట్రిప్ కోఆర్డినేటర్: 42 మంది పేర్లిచ్చారు, అందులో తెలుగు బడి పిల్లలు 17 మంది. టిబురాన్‌లో ఫెర్రీ ఎక్కి శాన్ ఫ్రాన్సిస్కో బేలోని ఆ ద్వీపానికి వెళ్తాం. దిగాక, ఒకప్పుడు ఓడల్లో వచ్చిన వలసదారుల్ని ఆపి ప్రశ్నించిన పాత వలస కేంద్రం దాకా మైలు పైనే నడక, మొదట్లోనే మెట్లు. స్ట్రోలర్ ఉన్నవాళ్లు రోడ్డు మీదుగా రండి. భోజనాలు ఎవరివి?

భోజనాల టీమ్: పులిహోర, దద్దోజనం మావి. సాంబారు మాత్రం వద్దండీ, పోయినసారి ఒలికిన వాసన మా కారు డిక్కీలో ఇంకా పోలేదు.

చరిత్ర చెప్పే డ్యూటీ: గోడల మీద చైనీయులు చెక్కిన కవితల దగ్గర ఎలాగూ అందరూ ఆగుతారు. నేను ఫెర్రీలోనే ఛే చాన్ పింగ్ అనే చైనా కూలీ సంగతి ఎత్తుకుంటా. శాన్ ఫ్రాన్సిస్కోలో 12 ఏళ్లుండి 1887లో స్వదేశం వెళ్లాడాయన. చైనా కూలీలు కొత్తగా రాకూడదని అమెరికాలో 1882లోనే చట్టం చేశారు. అప్పటికే ఉన్నవాళ్లు వెళ్లి రావడానికి మాత్రం సర్టిఫికెట్ ఇచ్చేవారు. అది జేబులో పెట్టుకుని హాంకాంగ్‌లో ఓడెక్కాడు. ఓడ సముద్రం మీద ఉండగానే, 1888 అక్టోబర్ 1న, ఆ సర్టిఫికెట్లేవీ చెల్లవంటూ ఇంకో చట్టం! వారానికి రేవు చేరితే దిగనివ్వలేదు. సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1889లో ఓడిపోయాడు. అలా చెల్లకుండా పోయినవి దాదాపు 20,000 సర్టిఫికెట్లు. వీసా స్టాంపింగ్ కోసం హైదరాబాద్ వెళ్లి టెన్షన్ పడ్డవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

ట్రిప్ కోఆర్డినేటర్: అన్నా, ఆయన్ని ఈ ద్వీపంలో పెట్టలేదుగా?

చరిత్ర చెప్పే డ్యూటీ: లేదమ్మా, ఈ కేంద్రం తెరిచింది 1910లో, మూసింది 1940లో. అందుకే ఫెర్రీలో ముగించేస్తా.

పిల్లల టీమ్: అన్నదమ్ముల్ని విడదీసి అడిగే ఆట ఒకటి అనుకున్నాం. ఇంటికి ఎన్ని మెట్లు, బియ్యం ఎక్కడ పోస్తారు, ఇలాంటివి. అక్కడ నిజంగా ఇవే అడిగేవారట. తండ్రీకొడుకుల జవాబులు కలవకపోతే తిప్పి పంపేవారు. 1906 భూకంపం మంటల్లో జనన రికార్డులు కాలిపోయాక, ఇక్కడే పుట్టిన పౌరులమని చెప్పుకున్న చైనీయులకు కాగితాల మీద మాత్రమే కొడుకులైనవాళ్లు చాలామంది వచ్చారు కదా, వాళ్లు జవాబులు రాసిన పుస్తకం ఓడలో బట్టీపట్టి, దాన్ని సముద్రంలో పారేసేవారు. నిన్న మావాడితో ఆడి చూశా. సొంత కొడుకు, సొంత ఇల్లు. మెట్లు నేను నాలుగన్నా, వాడు ఆరన్నాడు. వెళ్లి లెక్కపెడితే ఐదు.

భోజనాల టీమ్: బాగుంది గానీ గెలుపోటములు పెట్టకండి అక్కా. అక్కడ తల్లిదండ్రుల నుంచి విడదీసిన పిల్లలూ ఉన్నారు. చాక్లెట్లు అందరికీ ఇద్దాం. మనవాళ్లనీ అక్కడ ఆపారా?

చరిత్ర చెప్పే డ్యూటీ: ఆపారు, ఎక్కువగా పంజాబీలను. 1917 చట్టంతో ఇండియా వాళ్ల దారీ మూసేశారు. చైనీయులకు 1943లో ఏడాదికి 105 మంది, మనకు 1946లో 100 మంది లెక్కన తలుపు కాస్త తీశారు.

ట్రిప్ కోఆర్డినేటర్: సరే, ప్రైజులు లేవు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఆరుగురున్నారు, మెట్ల దగ్గర తోడుకు ఇద్దరు కావాలి. ఎవరొస్తారు?